ముప్పై రెండు మెట్లు

మరియమ్మ చేతివేళ్ళకు గోళ్ళు పెరిగేవి కావు. పెరిగేంత తీరిక ఆమె వాటికి ఎన్నడూ ఇవ్వలేదు. తెల్లవారగానే ఊరి పక్క వంకలోకి దిగి, ఇసుకలో మోకాళ్ళు మోపి, కుక్క గుంత తవ్వినట్టు రెండు చేతులా ఇసుక తోడిపోసేది. మోచేతి లోతున తడి తగిలేది. భుజం లోతున నీళ్ళు ఊరేవి. ఆ గుంతే చెలమ. ఊరిన నీళ్ళను కొబ్బరిచిప్పతో తీసి కడవలో పోయాలి. ఒక చిప్ప తీస్తే మరో చిప్ప ఊరేదాకా కాచుకు కూర్చోవాలి. ఎండాకాలంలో ఒక్క కడవ నిండేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. ఆ తర్వాతే కూలికి పోవడం. ఆలస్యమైనందుకు తిట్లు తినడం మామూలే.

ఊళ్ళో బావి లేక కాదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే బాటలో, పెద్దకడుబూరుకు ఇవతల, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది గుంజిదొడ్డి. ఊరి నడుమ దిగుడుబావి. రాతి మెట్లు ముప్పై రెండు. ఎంత కరువొచ్చినా అడుగుమెట్టు ఎండిందని ఎవరూ చెప్పుకోలేదు. కానీ ఆ మెట్లు ఊరివాళ్ళవి. ఊరికి పడమర పక్క ఉన్న గేరిలో నలభై గుడిసెలు. అందరూ రెండు తరాల కింద కిరస్తానులైన మాలలు. గేరివాళ్ళు బావి గట్టు కింద కడవ పెట్టుకుని నిలబడాలి. ఎవరికైనా దయపుడితే ఎత్తు నుంచి ఇన్ని నీళ్ళు కుమ్మరిస్తారు. లేకపోతే లేదు. మరియమ్మ తల్లి అట్లా నిలబడి నిలబడి ముసలిదై పోయింది. మరియమ్మ నిలబడలేదు. "అడుక్కున్న నీళ్ళు గొంతు దిగవు నాకు" అని వంక దారి పట్టింది. చూసి చూసి గేరి మొత్తం ఆమె వెనకే పోయింది.

ఒక్క విషయంలో మాత్రం ఊరికంటే గేరిదే పైచేయి. ఏటా ఎండలు ముదిరే నాటికి ఊళ్ళో నారికురుపు లేచేది. కాలి మీద బొబ్బ వచ్చి పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. మూర పొడుగు, ఒక్కోసారి రెండు మూరలు. సరిగ్గా విత్తనం వేసే అదునుకు ఊళ్ళో మగాళ్ళు సగం మంది కాళ్ళు చాపుకుని అరుగుల మీద మూలుగుతుండేవాళ్ళు. వాళ్ళ చేలల్లో విత్తనం పడాలంటే గేరి నుంచే మనుషులు పోవాలి. కొన్నేళ్ళుగా గేరిలో ఏ కాలికీ నారి వచ్చింది లేదు.

గేరి పెద్ద సుంకప్ప దీనికొక కారణం కనిపెట్టాడు. "నారికి గూడా మడి ఉండాదిరప్పా. మనల్ని ముట్టుకుంటే మైల పడతాదని మన కాళ్ళలోకి రాదు" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. మరియమ్మ కూడా నవ్వేది. నవ్వినవాళ్ళలో ఒక్కరైనా, ఇది ఎందుకిట్లా అని ఆలోచించి ఉంటే ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు.

మరియమ్మ మొగుడు జయరాజు ఆదోనిలో పత్తి ప్రెస్సులో బేళ్ళు కట్టే కూలి. శనివారం సాయంత్రం నడిచి వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. పందొమ్మిదివందల యాభై ఐదులో ఒక శనివారం చెమటలు కక్కుతూ వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా మొదలుపెట్టాడు.

"చట్టం వచ్చినాదంట మరియమ్మా. బాయి కాడ మనల్ని ఆపినోళ్ళను జైల్లో ఏస్తారంట. ప్రెస్సు కాడ పేపరు సదివి సెప్పినారు."

"వాళ్ళను జైల్లో ఏసేదానికి ముందు మన కాళ్ళు ఇరగ్గొడతారు."

"పోలీసులొస్తారు గదే!"

"వచ్చి ఎన్ని దినాలుంటారు? బాయి కాడ కాపురం పెడతారా?"

అట్లా అన్నదే గానీ, ఆ మాట ఆమె లోపల పడి మొలకెత్తింది. ఆమెకు ఒక్కతే కూతురు, సంతోషమ్మ. పదకొండేళ్ళది. ఆ ఏడే పిల్ల తనంతట తాను వంకకు పోయి చెలమ తవ్వడం మొదలుపెట్టింది. ఒకరోజు అన్నం తినేటప్పుడు పిల్ల చేతివైపు చూసింది మరియమ్మ. గోళ్ళు సగానికి అరిగిపోయి, కొసల్లో నెత్తురు ఊరుతోంది. తన చేతికి జరిగినన్నాళ్ళూ కనపడనిది పిల్ల చేతికి జరిగేసరికి కనపడింది.

ఆ రాత్రి కాదు, ఆ మరునాడు కాదు, ఎనిమిది నెలలు పట్టింది. జయరాజు ఆదోనిలో అర్జీలు రాయించాడు. సుంకప్ప కర్నూలుకు పోయి వచ్చాడు. ఊరి పెద్ద కృష్ణప్ప మొదట నవ్వాడు.

"మీరు కిరస్తానులు గదప్పా. చట్టం హరిజనులకంట. మీకెట్ల పనికొస్తాది?"

గుంపులో ఆడగొంతు లేచింది. మరియమ్మదే. "ఓట్లప్పుడు హరిజనులమే గదప్పా. నీళ్ళ కాడికొచ్చేసరికి కిరస్తానులమైతిమా?"

మరుసటేడు ఈస్టరు పండుగ దాటిన నెలకు ఆదోని నుంచి జీపు వచ్చింది. ఒక ఆఫీసరు, నలుగురు పోలీసులు. ఊరు ఊరంతా మిద్దెల మీదికెక్కి చూస్తోంది. గేరివాళ్ళు బావి గట్టు దాకా వచ్చి ఆగిపోయారు. ఎవరి కాలూ ముందుకు పడలేదు. రాయి ఎటువైపు నుంచి వస్తుందోనని అందరి చూపూ మిద్దెల మీదే.

"పాపను ముందు పెడదాం. పసిబిడ్డ మీద రాయి ఎవురేస్తారు?" అన్నది మరియమ్మ. ఇది ఎవరి మాటో కాదు, ఆమె మాటే.

సంతోషమ్మకు అదొక ఆట. చేతిలో ముంత పట్టుకుని, గొంతెత్తి లెక్కపెడుతూ దిగింది. "ఒకటీ... రెండూ... మూడూ..." బావి ఆ లెక్కను తిరిగి చెప్పింది. పిల్లకు అది తమాషాగా తోచి ఇంకా గట్టిగా అరిచింది. వెనక మరియమ్మ, ఆమె వెనక గేరి. "ముప్పై రెండూ! అమ్మా, ఇంగ మెట్లు ల్యావు, నీళ్ళే!" అని కిందినుంచి కేక వేసి, వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగింది. "సల్లగుండాయి మా! చెలమ నీళ్ళు ఉడుకు, ఇవి సల్లగుండాయి!"

రాయి పడలేదు. ఆఫీసరు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. "మంచి పని జరిగింది" అని సుంకప్ప భుజం తట్టాడు. జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది. మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు.

వారం రోజులు మెట్ల మీద ఎవరో తుమ్మకంప పరిచారు. తల్లీకూతుళ్ళు దాన్ని తీసి పొయ్యిలోకి వాడుకున్నారు. ఊరివాళ్ళు కొన్నాళ్ళు తోటల బావులకు పోయారు. దూరం నడవలేక మళ్ళీ ఇక్కడికే వచ్చారు. ఒకరినొకరు తగలకుండా పక్కపక్కనే దిగి ఎక్కడం అలవాటైపోయింది. ఆ వానాకాలానికి మరియమ్మకు గోళ్ళు పెరిగాయి. సంతోషమ్మ గోరింటాకు నూరి తల్లి పది వేళ్ళకూ పెట్టి, రాత్రి అన్నం తనే కలిపి తినిపించింది. "పెండ్లికూతురు మాదిరి ఉండావు" అని వెక్కిరించింది. మరియమ్మ మర్నాడు కలుపుకు పోయి, చేతులు చూసుకుంటూ సాలు తప్పి తిట్లు తిన్నది.

ఏడాది తిరిగింది. మళ్ళీ ఈస్టరు వచ్చి పోయింది. నెల దాటాక ఒకరోజు సంతోషమ్మ చీలమండ మీద గీరుకుంటూ కనిపించింది.

"దోమ కుట్టినాదా?"

"ఏమో మా. లోపల మండతాది."

మూడోనాటికి బొబ్బ లేచింది. సుంకప్ప వచ్చి చూశాడు. ఆయన ఊళ్ళో అరుగుల మీద అటువంటివి నలభై ఏళ్ళుగా చూస్తున్నవాడు. ఈసారి హాస్యమాడలేదు. "నారి" అన్నాడంతే.

పది రోజుల్లో గేరిలో తొమ్మిది మందికి లేచింది. చావడిలో కృష్ణప్ప కంఠం గేరిదాకా వినిపించింది. "గంగమ్మ ఊరికే ఉంటాదా? దిగకూడని కాళ్ళు దిగె. ఆ కాళ్ళనే పట్టుకున్నాది."

గుంజిదొడ్డిలో నారి తీయాలంటే తిమ్మక్కే. గొర్రెలు కాసే కురువల ముసలమ్మ. ఊళ్ళో ఏ కాలు చాపినా ఆమె ముందే చాపాలి. ఆమె గేరిలోకి వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. గుడిసె ముందు నిలబడి, కొంగులో మూటగట్టిన వేపపుల్లలు విప్పుతూ, "కాలు ఇట్ల సాపు పాపా" అన్నది. పిల్ల వెనక్కు జంకింది. తిమ్మక్క కూలబడి ఆ కాలు లాక్కుని తన ఒళ్ళోనే పెట్టుకుంది. "నారికి ల్యాని కులం నాకేంటికే" అని మరియమ్మను కసిరింది.

"ఇనుకో. దినమూ పొద్దున్నే బాయికి తోలకపో. అడుగు మెట్టు మీద కూసోబెట్టి కాలు నీళ్ళలో పెట్టించు. సల్లదనానికి నారి తల బయటపెడతాది. అప్పుడు పుల్లకు సుట్టల్ల. దినానికి రెండు సుట్లు. మూడో సుట్టుకు ఆశపడినావంటే తెగుతాది. తెగితే లోపల కుళ్తాది, జాగర్త."

ఊరంతా చేసేది అదే. తిమ్మక్క అత్త ఆమెకు చెప్పింది, ఆమె ఊరికి చెప్పింది. అందుకని పొద్దున్నే అడుగుమెట్టు మీద వరసగా కాళ్ళు. కృష్ణప్ప తమ్ముడు, ఇద్దరు కురువ పిల్లలు, మంగలి ముసలాయన, వాళ్ళ పక్కన సంతోషమ్మ. పురుగు తల పెట్టిన కాళ్ళన్నీ ఒకే నీళ్ళలో. ఆ పక్కనే వంగి కడవలు ముంచుకుంటున్న ఆడవాళ్ళు. మంట కాస్త చల్లారగానే సంతోషమ్మ కబుర్లు మొదలుపెట్టేది. "తాతా, నీ నారి పొడుగా, నాది పొడుగా?" అని మంగలాయనను అడిగేది. మరియమ్మ పైన నిలబడి చూస్తుండేది. తన తల్లిని గట్టు కింద నిలబెట్టినవాళ్ళ పక్కన ఇప్పుడు తన బిడ్డ కూర్చుంది. అంత బాధలోనూ ఆమెకు ఆ సంగతి కొంచెం గర్వంగానే ఉండేది. ఆ గర్వాన్ని తర్వాత ఆమె తనకు తాను ఎన్నటికీ మన్నించలేదు.

తొలకరి పడింది. విత్తనానికి రమ్మని కృష్ణప్ప మనిషి వచ్చి కేక వేసిపోయాడు. అదును తప్పితే ఆ పంటకారు మొత్తం పని ఉండదు. పిల్లను ఒంటరిగా వదిలి పోనూ లేదు. పోకుండా ఉండనూ లేదు. నారి అప్పటికి మూరెడు పుల్లకెక్కింది. ఇంకెంత ఉంటుంది, జానెడు ఉంటుందేమో, ఈ పూటతో అయిపోతే రేపు చేనికి పోవచ్చు. రెండు చుట్లు చుట్టింది. పురుగు మెత్తగా వచ్చింది. మూడో చుట్టు చుట్టింది.

తడిసిన నూలుపోగు తెగినట్టు తెగింది. మిగతా సగం లోపలికి జారిపోయింది.

"తెగిందా మా?" అన్నది సంతోషమ్మ.

"ల్యాదు పాపా. అయిపోయినాది" అన్నది మరియమ్మ. పుల్లను కొంగులో దాచేసింది.

నాలుగోనాటికి కాలు మోకాలిదాకా బూరెలా ఉబ్బింది. పేడా పసుపూ కలిపి పట్టు వేసింది. గేరిలో దెబ్బ ఏదైనా వేసే పట్టు అదే. పదోనాడు పిల్ల గంజి తాగబోతే నోరు తెరుచుకోలేదు. పళ్ళు బిగుసుకుపోయాయి. సుంకప్ప బండి కట్టాడు. ఆదోని దాకా బండి కుదిపిన ప్రతిసారీ పిల్ల ఒళ్ళు విల్లులా వంగింది. మరియమ్మ దాన్ని తన ఒంటితో అదిమిపట్టుకుని, దారి పొడుగునా "ఒకటీ, రెండూ" అని లెక్కపెడుతూ పోయింది. ఎందుకు లెక్కపెట్టిందో ఆమెకే తెలియదు. పిల్లకు లెక్కలంటే ఇష్టం, అంతే.

ఆస్పత్రిలో మూడు రోజులు బతికింది సంతోషమ్మ. జయరాజు ప్రెస్సు నుంచి పత్తి అంటుకున్న జుట్టుతోనే పరుగెత్తుకొచ్చాడు. డాక్టరు ధనుర్వాతం అన్నాడు, చేయగలిగిందంతా చేశాడు. మూడోనాటి మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుండగా పోయింది.

డాక్టరు చిన్నవాడు. కోస్తా మాట. కాగితం నింపుతూ అడిగాడు. "పోయిన ఎండాకాలం మీరు తాగిన నీళ్ళేవమ్మా?"

"బాయివి సారూ. పోయిన ఏడే దిగినాము. చట్టం వచ్చినంక."

"అంతకు ముందో?"

"వంకలో చెలమ నీళ్ళు."

డాక్టరు కలం కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. నారి పురుగు నీళ్ళలో నుంచే వస్తుందని. కంటికి ఆనీ ఆననంత చిన్న నీటిపురుగుల్లో దాని పిల్లలుంటాయని. ఆ నీళ్ళు తాగిన ఏడాదికి కాల్లోంచి బయటపడుతుందని. పుండు కాలు బావిలో పెడితే మళ్ళీ వేల పిల్లలు ఆ నీళ్ళలోకి పోతాయని.

"చెలమ నీళ్ళకు ఆ భయం లేదమ్మా. ఇసుక వడగట్టేస్తుంది. మీరు దిగుడుబావి నీళ్ళనైనా రెండు మడతల గుడ్డతో వడగట్టుకుని తాగి ఉంటే చాలేది."

"గుడ్డా?" అన్నది మరియమ్మ.

"అవును."

"ఏ గుడ్డైనానా సారూ?"

"ఏ గుడ్డైనా."

అప్పటిదాకా ఏడవని మనిషి ఆ మాటకు బావురుమన్నది. పిల్ల మంచం పక్కన మడిచి పెట్టి ఉంది దాని ఓణీ. కిందటి క్రిస్మసుకు ఎమ్మిగనూరు నుంచి తెచ్చిన నేత ఓణీ. పచ్చది.

గేరికి తిరిగి వచ్చినప్పటి నుంచి మరియమ్మ ఆ ఓణీని రెండు మడతలు పెట్టి కడవ మూతికి కట్టి నీళ్ళు వడగట్టడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగుకు చెప్పింది. కొందరు విన్నారు. కొందరు "బిడ్డ పోయి మతి చెడింది పాపం" అన్నారు. పక్కింటి ఉచ్చీరమ్మ మొహం మీదే అన్నది. "గుడ్డ కడితే పోయే రోగమైతే ఆ సంగతి దొరలు జీపులో వచ్చినప్పుడే సెప్పకపోదురా?"

ఆ ప్రశ్నే మరియమ్మను రాత్రింబవళ్ళు తొలుస్తోంది.

ఆ శీతాకాలం మొదట్లో బ్లాకు ఆఫీసు నుంచి హెల్త్ ఇన్‌స్పెక్టరు వీరన్న వచ్చాడు. బక్కమనిషి, సైకిలు మీద. దిగుడుబావులకు మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి చేదబావులు చేస్తామనీ, సామాను సర్కారుదీ, పని ఊరిదీ అనీ, ఊరు ఒప్పుకుంటేనే చేస్తామనీ చెప్పాడు. ఆదివారం చావడిలో మీటింగు అన్నాడు.

శనివారం జయరాజు వచ్చాడు. బిడ్డ పోయాక ఆయనకు మాట తగ్గి కోపం పెరిగింది.

"నువ్వు రేపు నోరెత్తొద్దు. నీళ్ళు సెడ్డవని మన నోటితో అన్నామంటే వాళ్ళ నోట్లో సక్కెర పోసినట్టే. 'సూసినారా, గేరోళ్ళే వద్దంటాండారు' అంటారు. ఈ పక్క మెట్లు దొరికె, ఆ పక్క మూస్తామంటాండారు. ఇందులో తిరకాసు నీకు కనపడల్యా?"

"కనపడతాది."

"మరి? పాప ప్రాణమిచ్చి గెల్సిన బాయే అది!"

"ప్రాణమిచ్చి గెలవల్యా. గెల్సినంక ప్రాణం పోయినాది."

జయరాజు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు చావడి నిండింది. గేరివాళ్ళు ఎప్పటిలా చావడి మెట్టు కింద. వీరన్న చెప్పవలసింది చెప్పాడు. కృష్ణప్ప గొంతు సవరించుకున్నాడు.

"బాయి మా తాతల్ది సారూ. మూసేదేంటికి? గేరోళ్ళు దిగినంకనే ఇట్లయింది. వాళ్ళ చెలమ వాళ్ళకుండాది. వాళ్ళాడికి పోతే బాయి తనంతట బాగుపడతాది."

గేరి వైపు నుంచి గొడవ లేచింది. సుంకప్ప కర్ర ఎత్తాడు. అందులోంచి మరియమ్మ లేచి నిలబడింది.

"కృష్ణప్పా, నీ ఎడమకాలు కుంటి ఎప్పుడైనాది?"

కృష్ణప్ప ఆ కాలు పంచె కిందికి లాక్కున్నాడు.

"నా పెండ్లికి ముందే గదా. నారి తెగి మూడు నెల్లు మంచంలో పడితివి. నీ చేనిలో మా నాయన ఇత్తనం ఏసినాడు. అప్పుడు బాయిలో మేము ల్యాం గదప్పా. నారి యాడి నుంచి వచ్చినాది?"

ఊరివాళ్ళలోనే ఎవరో కిసుక్కున నవ్వారు. మరియమ్మ నవ్వలేదు. వీరన్న వైపు తిరిగింది.

"సారూ, చట్టం వచ్చినప్పుడు జీపొచ్చె, పోలీసులొచ్చిరి. మమ్మల్ని నీళ్ళ కాడికి తోలిరి. నీళ్ళెట్లుండాయో సూసినోళ్ళు ల్యారు. నా బిడ్డను ముందు దింపినాను. నేనే దింపినాను. నీళ్ళు మాకు ఇయ్యాల్సిందే. అది ఎవురూ కాదనకూడదు. కానీ ఇచ్చేది ఏదైనా, బాగుండాదో ల్యాదో సూసి ఇయ్యాల. బాయి మూయండి. మా ఒక్కరికే కాదు, అందరికీ మూయండి. అందరికీ ఒకటే గిలక పెట్టండి. ఇంగోటి. పని అయినాదని రాసుకొని పోవొద్దు. ఏడాదికి మళ్ళ రాండి. ఈ రోగం ఏడాదికి బయటపడతాది. మీరూ ఏడాదికి రావల్ల."

గేరివాళ్ళు చప్పట్లు కొట్టలేదు. తలలు దించుకున్నారు. "గెల్సిన బాయి చేతులారా ఇచ్చేసె" అని ఒకడు ఉమ్మేశాడు. జయరాజు వెనక్కు తిరిగి చూడకుండా ఆదోని దారి పట్టాడు. ఆదివారం సాయంత్రం ఆయన వెళ్ళిపోవడం అదే మొదలు.

కానీ ఊళ్ళో కుంటికాళ్ళు తక్కువేమీ లేవు. కృష్ణప్ప తమ్ముడే ముందు లేచి, "కట్టండి సార్" అన్నాడు. ఆ మాటతో మీటింగు ముగిసింది.

సంక్రాంతి దాటాక పని మొదలైంది. మెట్ల మొదట్లో రాతిగోడ, బావి చుట్టూ ఎత్తుగా గట్టు. మరియమ్మ రోజూ రాళ్ళు మోసింది. మెట్లదారి మూసే ముందు రోజు మేస్త్రీని అడిగి ఒక్కతే కిందికి దిగింది. లెక్కపెడుతూ దిగింది. ముప్పై ఒకటి దాకా వచ్చి ఆగింది. ఆ తర్వాతి అంకె నోట్లోంచి రాలేదు. అడుగుమెట్టు మీద అరచేయి పెట్టి కాసేపు కూర్చుని ఎక్కి వచ్చింది. మర్నాడు ఆ దారికి అడ్డంగా మొదటి రాయి ఆమే పెట్టింది.

కాగితంలో గిలక ఒకటే. తీరా కట్టింది రెండు. ఒకటి ఊరి వైపు, ఒకటి గేరి వైపు. అడగడానికి వీరన్న లేడు. ఆయనను అప్పటికే కోడుమూరుకు బదిలీ చేశారు. సుంకప్ప వచ్చి, "సూసినావా నీ సర్కారును?" అని దెప్పాడు.

"సూసినా మామా. ముందు కాళ్ళు బాగుపడనీ. గిలక పని తర్వాత సెప్తా" అన్నది మరియమ్మ.

ఆ ఎండాకాలం కూడా నారి లేచింది. ఊళ్ళోనూ, గేరిలోనూ. "మెట్లు మూసినా పోల్యా, ఈయమ్మ బిడ్డా పాయె, మా బాయీ పాయె" అని ఉచ్చీరమ్మ దారి పొడుగునా సాధించింది. మరియమ్మ ఒకటే మాట చెప్పింది. "ఇవి పోయిన ఏటి నీళ్ళు. ఇంగో ఏడాది ఆగండి." ఎవరూ నమ్మలేదు. ఆమెకు కూడా లోపల భయంగానే ఉండేది. కనిపించిన ప్రతి పిల్ల కాలి వైపూ చూసేది. గీరుకుంటున్న పిల్ల కనపడితే పరుగెత్తి పోయి కాలు పట్టుకునేది.

యాభై తొమ్మిది ఎండాకాలం వచ్చింది. ఈస్టరు దాటింది. నెల దాటింది. తొలకరి పడింది. అరుగుల మీద ఎవరూ కాళ్ళు చాపుకుని కూర్చోలేదు. విత్తనానికి ఊళ్ళోవాళ్ళు తమ చేలకు తామే పోయారు. ఒక్క బొబ్బ లేదు. ఒక్క పుల్ల లేదు.

మరియమ్మ బాట వైపు చూస్తూనే ఉంది. జీపు రాలేదు. సైకిలు కూడా రాలేదు. ఏడాదికి వచ్చి చూడమంటే సర్కారులో విన్నవాళ్ళు ఎవరూ లేరు. జయరాజు శనివారం వచ్చి, సంగతి విని, "రెండేండ్ల ముందు మూసింటే..." అని సగంలో ఆపేశాడు. ఆ రెండో సగం ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అనలేదు.

వచ్చింది తిమ్మక్క. ఎండలో కర్ర పోటేసుకుంటూ వచ్చి గుడిసె నీడలో కూలబడింది. కొంగుమూట విప్పింది. లోపల వేపపుల్లలు, నున్నగా చెక్కినవి, ఎండిపోయినవి.

"ఈ ఏడు ఒక్కరూ రాల్యా మరియమ్మా" అన్నది.

"అవునవ్వా."

"నలభై ఏండ్లు నేనే సెప్పినా గదే. నీళ్ళలో కాళ్ళు పెట్టండి, సల్లగుంటాది అని. నేనే..." ముసలమ్మ పుల్లల మూటను పక్కకు నెట్టేసింది. "నీ బిడ్డకు గూడా నేనే సెప్పినా."

మరియమ్మకు ముందు తిట్టాలనిపించింది. అంతలోనే ఈ ముసలమ్మ తన బిడ్డ కాలును ఒళ్ళో పెట్టుకుందని గుర్తొచ్చింది. "మూడో సుట్టు వద్దని గూడా సెప్పినావులే అవ్వా" అన్నది చివరికి. "సుట్టింది నేను."

తిమ్మక్క ఏడ్చింది. కొంతసేపటికి, "గొంతెండుకపోయినాది. నీళ్ళు పొయ్యి" అన్నది.

మరియమ్మ ముంత నిండా నీళ్ళు తెచ్చింది. తిమ్మక్క ముంత అందుకోలేదు. రెండు చేతులూ దోసిలి పట్టింది. ముంత ముట్టుకోకూడదనో, వణికే చేతులతో పట్టుకోలేననో, అది ఆమెకే తెలియాలి. ఒకప్పుడు బావి గట్టు కింద మరియమ్మ తల్లి అట్లాగే పట్టేది.

మరియమ్మ అది చూసింది. చూసి, చేదబావి నీళ్ళకు అవసరం లేదని తెలిసినా, ముంత మూతికి ఆ ఓణీ కొసను రెండు మడతలు పెట్టి అదిమిపట్టి, దాని మీదుగా పోసింది. పచ్చ రంగు ఎప్పుడో వెలిసిపోయింది. తిమ్మక్క ఆ గుడ్డను గుర్తుపట్టింది. దోసిలి తీయలేదు. వంగి తాగింది.